బూట్లు రాని నెల

ఒక తప్పును దేవుడికి చెప్పుకుంటే, చెప్పవలసిన మనిషికి చెప్పినట్టేనా అన్న సందేహం మేస్త్రిని పదకొండేళ్లుగా పట్టుకుని ఉంది. రోజూ తెల్లవారగానే స్నానం చేసి, ముందుగదిలో ఒక మూల కూర్చుని, కళ్లు మూసుకుని, ఆ తప్పును మొదటినుంచి చివరిదాకా అప్పగించేవాడు. దేవుడు వినేవాడు. ఎదురు ప్రశ్న వేసేవాడు కాదు గనక చెప్పడం తేలికగానే ఉండేది. తీరా వెళ్లి దుకాణం తలుపు తీసేసరికి, ఆ బరువు అతనికంటే ముందే వచ్చి పనిబల్ల మీద కూర్చుని ఉండేది.

దుకాణం బూట్లు బాగుచేసేది. ఊరి చివర, బస్టాండుకు ఎదురుగా ఉంటుంది. దక్షిణపు కొండల మీదుగా వచ్చే నడకదారి సరిగ్గా దాని ముందుకే దిగుతుంది. పద్దెనిమిది రోజుల దారి అది. అవతలి కొసన రైలు దిగి నడక మొదలుపెట్టినవాళ్లు కొండలెక్కి, లోయలు దిగి, పదకొండు వాగులు దాటి ఇక్కడ తేలతారు. తేలగానే వాళ్లు చేసే మొదటి పని స్నానం, రెండోది భోజనం, మూడోది మేస్త్రి బల్లమీద బూట్లు పెట్టి "ఇవి బతుకుతాయంటారా?" అని అడగడం.

బూటు చేతిలోకి తీసుకుంటే చాలు, అది ఎంత రాతినేల తొక్కిందో, ఎన్నిసార్లు తడిసి ఆరిందో మేస్త్రి చెప్పగలడు. ఒకప్పుడు వచ్చిన ప్రతి జతకీ బల్ల పక్క గోడమీద, ఆ నెల పేరు కింద, నల్లరంగుతో ఒక గీత పెట్టేవాడు. అడుగు అరిగితే పొడుగు గీత, కుట్టు విడితే పొట్టి గీత. అలా ఏడేళ్లు గీశాడు. చలి చివరి నెల కింద గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఎవరూ నడవని మండువేసవి, నడివానల నెలలు పోను, వానలు ఆగిన మొదటి నెల కింద మాత్రం ఏడేళ్లకూ కలిపి పంతొమ్మిదే ఉన్నాయి.

"దారి బూట్లను తినని నెల ఇదే," అని తేల్చాడు మేస్త్రి. ఎవరడిగినా అదే చెప్పాడు. దూరపు ఊళ్లనుంచి ఉత్తరాలు రాసి కూడా అడిగేవారు. నెలల మేస్త్రి అని పేరు వచ్చింది. "గొడుగు తీసుకెళ్లాలో వద్దో పక్కింటావిణ్ణి అడిగి బయల్దేరే మనిషి, లోకానికంతా నెలలు చెబుతున్నాడు," అని భార్య నవ్వేది. అతనూ నవ్వేవాడు గానీ, ఆ పేరు అతనికి తీపిగానే ఉండేది.

అలా నెల చెప్పించుకున్నవాళ్లలో అతని అన్నయ్య ఒకడు.

అన్నయ్య ఊళ్లో ఉత్తరాలు పంచేవాడు. ఇరవై ఆరేళ్లు కాళ్లతోనే ఉద్యోగం చేశాడు. "ఊరికోసం నడిచింది చాలు తమ్ముడూ, ఒక్కసారి నాకోసం నడవాలి," అనేవాడు. ఏళ్ల తరబడి సెలవు కూడబెట్టుకుని, ఒకరోజు దుకాణానికి వచ్చి, "ఏ నెల పొమ్మంటావు?" అని అడిగాడు. మేస్త్రి గోడవైపు తలైనా తిప్పకుండా చెప్పేశాడు. ఆ తల తిప్పకపోవడంలోని గర్వం తలుచుకుంటే అతనికి ఇప్పటికీ చెవులు కాలతాయి.

మైదానంలో వానలు ఆగినంత మాత్రాన కొండకు అవతలి వైపు ఆగుతాయా? ఒక వాగు అన్నయ్యను నాలుగు రోజులు గట్టుమీదే నిలబెట్టేసింది. తడి బూటులో ఎడమ పాదం నానింది, ఆ తర్వాత చీము పట్టింది. పదమూడో రోజున, తారురోడ్డు దారికి అడ్డం వచ్చే సగం మలుపు దగ్గర బస్సెక్కి ఇంటికి వచ్చాడు. ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. ఉత్తరాలు పంచే పని పోయి, లోపల కుర్చీలో కూర్చుని వాటిని సర్దే పని వచ్చింది.

"ఊరందరి ఉత్తరాలూ మోసినవాడు తన కాళ్లు తాను మోసుకోలేకపోయాడట," అన్నారు బజారులో. కొన్నాళ్లకు ఆ మాట అన్నయ్యే అందరికంటే ముందు అనేసి నవ్వడం నేర్చుకున్నాడు. ఎవరైనా నెల సంగతి ఎత్తితే ఒప్పుకునేవాడు కాదు. "నెల మంచిదే. మా తమ్ముడి మాటలో లోపం లేదు. నడవలేనిది నేను," అనేవాడు. మేస్త్రి ఆ పక్కనే ఉండేవాడు.

మరుసటి ఏడు, సగం మలుపు మీదుగా తిరిగే బస్సు కండక్టరు చెప్పు తెగి దుకాణానికి వచ్చాడు. కుట్టేదాకా ఊరుకోలేక కబుర్లు మొదలుపెట్టాడు.

"వానలు ఆగిన నెలొస్తే మా బస్సుకి కాలు పెట్టే చోటుండదు మేస్త్రీ. నడకవాళ్లంతా సగం మలుపులో గుంపులుగా ఎక్కేస్తారు. ఆ కాళ్లు చూస్తే ఆ పూట అన్నం సహించదు."

"ఇక్కడ దిగడం నేను చూళ్లేదే?"

"ఇక్కడికెందుకొస్తారు? మళ్లీ అవతలి రైలుకే పోతారు. ఏ పదిమందిలో ఒకడో మీ ఊరివాడుంటే ఇటొస్తాడు."

మేస్త్రి చేతిలో సూది తోలులో సగం దిగి ఆగిపోయింది. దారి బూట్లను తినకపోవడం కాదు. బూట్లు రాలేదు, ఎందుకంటే వాటిలోని కాళ్లే రాలేదు. ఆ పంతొమ్మిది గీతలూ ఎలాగో నెగ్గుకొచ్చిన మొండివాళ్లవి. మిగిలినవాళ్లు అతని గోడ దాకా చేరనే లేదు.

ఆ సాయంత్రమే గోడకు సున్నం కొట్టాడు. తర్వాత ఎవరడిగినా, "నాకు తెలియదు, కొండవాళ్లను అడగండి," అని పంపేవాడు. ఒక్క అన్నయ్యకు మాత్రం చెప్పలేదు. మొదట, పుండు ఇంకా మానలేదు కదా అనుకున్నాడు. తర్వాత, మానిన పుండును గిల్లడమెందుకు అనుకున్నాడు. ఇంకొన్నాళ్లకు, ఇన్నాళ్లూ దాచి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి అనుకున్నాడు. సాకులకు కరువేముంది?

అలా పదకొండేళ్లు గడిచాయి. ఒక సెలవురోజు అన్నయ్య ఇంట్లో భోజనానికి వెళ్లారు, మేస్త్రీ అతని భార్యా. అన్నయ్య కూతుర్ని ఇంట్లో బుల్లి అంటారు. ఆసుపత్రిలో నర్సు. గిన్నెలు తీశాక, బల్లమీది తడి తుడిచి, ఒక కాయితం, పెన్నూ పట్టుకుని చిన్నాన్న పక్కన కూర్చుంది.

"చిన్నాన్నా, నెల చెప్పు. సెలవు కాయితం రేపు పొద్దున ఇచ్చెయ్యాలి. ఒకసారి ఇచ్చాక మార్చరు."

"ఎక్కడికే సెలవు?"

"దక్షిణపు దారికి. నేనూ, మా వార్డులో అక్కా. నాన్న సగంలో వదిలేసిన దాన్ని నేను పూర్తిచేసి వస్తా."

మేస్త్రి నీళ్ల గ్లాసు అందుకున్నాడు. దాహం వేసి కాదు.

"దానికి చిన్నాన్ననెందుకు అడగడం?" అన్నాడు అన్నయ్య పడక కుర్చీలోంచి. "వానలు ఆగిన మొదటి నెల. రాసెయ్. మనింట్లో పుట్టిన శాస్త్రం అది."

"నీకు అచ్చిరాలేదుగా నాన్నా."

"అచ్చిరానివి కాళ్లు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నేను నెలను అనకూడదు."

బుల్లి నవ్వి, కాయితం మీదికి వంగింది. బల్లకింద ఆమె చెప్పులు విడిచి ఒక పాదం మీద ఇంకో పాదం వేసుకుని ఉంది. మేస్త్రి చూపు అలవాటుకొద్దీ అటే పోయింది. తండ్రి పాదాలే. ముందుభాగం వెడల్పు, చిటికెనవేలు కాస్త పక్కకు. తడిస్తే ముందు ఒరుసుకుపోయేది అక్కడే.

"ఆ నెల రాయకు," అన్నాడు.

బుల్లి తలెత్తింది. మేస్త్రి అన్నయ్యవైపు చూడలేక, గ్లాసు అడుగు చూస్తూ చెప్పాడు. గోడమీద గీతలు, కండక్టరు మాట, సున్నం. ఒక్కటీ వదల్లేదు. ఇన్నేళ్లుగా రోజూ అప్పగించిన పాఠమే కాబట్టి మాటలు తడుముకోలేదు. ఆ తడుముకోకపోవడం అతనికే సిగ్గుగా తోచింది.

అన్నయ్య అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"మరుసటి ఏడు."

"అంటే నేను కర్ర పట్టుకుని నీ దుకాణం దాకా నడవడం మొదలుపెట్టిన రోజుల్లో."

"అవునన్నయ్యా."

"నాలుగోరోజున బూటు విప్పి చూసుకున్నా," అన్నాడు అన్నయ్య. గొంతు పెంచలేదు. "వేళ్ల మధ్య తెల్లగా నానిపోయింది. వెనక్కి పోదామనుకున్నా. అప్పుడే తిరిగొచ్చుంటే వేళ్లు ఉండేవని డాక్టరు కూడా అన్నాడు. ఎందుకు తిరగలేదో తెలుసా? మా తమ్ముడు చెప్పిన నెల ఇది. మంచి నెలలోనే నాకింత కష్టంగా ఉందంటే లోపం నాలోనే ఉందనుకున్నా. అందుకని పళ్లు బిగించి ముందుకే నడిచా."

మేస్త్రి ప్రార్థనల్లో ఈ సంగతి ఏనాడూ లేదు. ఉండే వీల్లేదు, అతనికి తెలియదు కనుక. ఇన్నేళ్లూ దేవుడికి అప్పగించింది తప్పులో సగమేనని, మిగతా సగం ఈ కుర్చీలో కూర్చున్న మనిషి దగ్గర ఉందని అప్పుడు తెలిసింది. దేవుడు దాన్ని తనే ఎందుకు చెప్పలేదు అనుకున్నాడు ఒక్క క్షణం. అడగాల్సిన చోటు అది కాదు కదా అని కూడా అనుకున్నాడు.

"గీతలు చూసి తప్పు చెప్పావు. ఆ గోడ చూస్తే నేనైనా అదే చెప్పేవాణ్ణి," అన్నాడు అన్నయ్య లేస్తూ. "కానీ నేను బజార్లో నలుగురిముందూ నన్ను నేనే ఆడిపోసుకుంటుంటే, నువ్వు పక్కన నిలబడి విన్నావు చూడు..."

మాట పూర్తి చేయకుండా లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మేస్త్రి భార్య భర్త వైపు తిరిగింది. "పదకొండేళ్లు పక్కనే ఉన్నాను. నాకైనా చెప్పలేదు. నేను మాత్రం ఇంట్లో ఉప్పు అయిపోయినా మీకు చెబుతాను," అంది.

బుల్లి ఖాళీ కాయితం వైపు చూసింది. "అయితే ఏ నెల చిన్నాన్నా?"

"నాకు తెలియదమ్మా," అన్నాడు మేస్త్రి. లేచి నిలబడి, "తెలిసిన మనిషి ఒకాయన ఉన్నాడు. రా," అన్నాడు.

ఆనాటి కండక్టరు ఇప్పుడు బస్సు డిపోలో టైమ్ కీపరు. గాజు కిటికీ వెనక కూర్చుని బస్సులు వచ్చే వేళలూ పోయే వేళలూ రాసుకుంటున్నాడు. సగం మలుపులో నడకవాళ్లు బస్సెక్కని నెల ఏదని అడిగితే నవ్వాడు.

"మండువేసవిలో ఎక్కరు. ఎక్కడానికి అసలు మనుషులుంటే కదా, ఊటలన్నీ ఎండిపోతాయి. నడివానల్లోనూ అంతే, కాకి కూడా ఎగరదు. వానలు ఆగాక సంగతి నీకు తెలిసిందే. చలి మొదట్లో ఫరవాలేదు గానీ, పెద్ద వాగులు రెండు అప్పటికింకా దారివ్వవు. చలి చివర్లో మాత్రం చిత్రంగా ఉంటుంది మేస్త్రీ. మలుపులో జనం బోలెడుమంది ఉంటారు. టీ తాగుతారు, మా బస్సుకేసి చూసి చెయ్యూపుతారు, మళ్లీ నడుచుకుంటూ పోతారు. ఒక్కడూ ఎక్కడు. మాకది దండగ నెల."

సున్నం కింద మరుగునపడిన గోడ మేస్త్రి కళ్లకు కట్టింది. చలి చివరి నెల కింద, చోటు చాలక ఒకదానిమీద ఒకటి ఎక్కిన పొడుగు గీతలు. అన్ని అడుగులు అరిగాయంటే, అన్ని కాళ్లు చివరిదాకా వచ్చాయన్నమాట. అరిగేదాకా నడవనిచ్చిన నెలను పట్టుకుని తాను చెడ్డ నెల అన్నాడు.

"రాత్రిళ్లు చలి బాగా ఉంటుందేమో కదండీ?" అంది బుల్లి.

"ఉంటుంది తల్లీ, వణుకుతారు. వణికినవాడు తెల్లారితే నడుస్తాడు. నానినవాడు నడవలేడు."

బుల్లి కిటికీ చెక్కమీదే కాయితం పెట్టి నెల రాసింది. రాసి, చిన్నాన్నవైపు తిరిగి, "ఇది కూడా తప్పయితే?" అంది, సగం వేళాకోళంగా.

"తప్పయితే నాలుగోరోజునే తిరిగొచ్చెయ్," అన్నాడు మేస్త్రి. "చిన్నాన్న చెప్పాడని మాత్రం ముందుకు పోకు."

అన్నయ్య నలభై రోజులు మాట్లాడలేదు. రోజూ దుకాణం ముందునుంచే ఆఫీసుకు వెళ్లేవాడు. కర్ర చప్పుడు దగ్గరికి వచ్చి, ఆగకుండా దాటిపోయేది. మేస్త్రి తెల్లవారి కూర్చున్నప్పుడు అప్పగించడానికి ఇక పాఠం లేదు. ఊరికే కూర్చునేవాడు. ఒకరోజు, "నువ్వు క్షమించావో లేదో నాకెప్పుడూ తెలియలేదు స్వామీ, వాడు క్షమించలేదని మాత్రం బాగా తెలుస్తోంది," అనుకున్నాడు. అలా అనుకోవడం తప్పేమోనని కూడా భయపడ్డాడు.

నలభై ఒకటో రోజున కర్ర చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. అన్నయ్య చంకలోంచి ఒక కాయితం పొట్లం తీసి బల్లమీద పెట్టాడు. విప్పితే పెద్ద సైజు తోలు చెప్పులు. తోలు ఎండి చెక్కలా బిగుసుకుపోయింది. ఒకదానికి అడుగు ఊడి నోరు తెరుచుకుంది.

"వీటికి కొత్త అడుగు వెయ్యాలి," అన్నాడు.

"ఎవరివన్నయ్యా? నీకు రెండు సైజులు పెద్దవి."

అన్నయ్య బేరగాళ్ల స్టూలు మీద కూర్చున్నాడు. "సగం మలుపులో టికెట్లిచ్చే ఆయనవి. ఆ రోజు నా పాదం ఉబ్బి బూటులో దూరలేదు. ఆయన తన కాళ్లకున్నవి విడిచి నాకిచ్చాడు. తను ఉత్త కాళ్లతో గచ్చుమీద నిలబడి టికెట్ కోశాడు. వారంలో పంపించేస్తానని చెప్పి వచ్చా. అప్పట్నుంచీ మంచం కిందే ఉన్నాయి."

"పంపించాల్సింది."

"ఏమని పంపించను? మంచి నెలలో, అందరూ నడిచే నెలలో, సగం దారిలో కూలబడ్డవాడు ఈ మనిషేనని ఆయన అనుకోడూ? ఆ మొహం చూడ్డానికి సిగ్గేసింది. ఒకసారి ఆఫీసు సంచీలో వేసి కూడా మళ్లీ తీసేశా." కర్రను గోడకు ఆనించాడు. "సిగ్గుపడి దాచుకోవడం నీ ఒక్కడికే వచ్చనుకోకు."

మేస్త్రి చెప్పులు తీసుకున్నాడు. తోలుకు నూనె పట్టించి మెత్తబడనిచ్చాడు. పాత అడుగులు రెండూ పూర్తిగా ఊడదీసి, తన దగ్గరున్న వాటిల్లో మందమైన తోలు కోశాడు. మైనం రుద్దిన దారం రెండు వరసలు. అన్నయ్య కదలకుండా కూర్చుని చూశాడు.

"కుట్టు దగ్గరగా వెయ్యి."

"వేస్తున్నా."

"మడమ దగ్గర ఇంకా దగ్గరగా."

"నా పనికి కూడా వంక పెడతావా?"

"నీ పనికి నేనెప్పుడూ వంక పెట్టలేదు. నీ నోటికే."

చలి చివరి నెలలో బుల్లి బయల్దేరింది. ఆమె సగం మలుపు చేరే తొమ్మిదో రోజు లెక్క చూసుకుని, అన్నదమ్ములిద్దరూ పొద్దున బస్సెక్కారు. మూడు గంటల ప్రయాణంలో అన్నయ్య పొట్లం ఒళ్లోంచి దించలేదు. మలుపులో దిగేసరికి బుల్లీ ఆమె స్నేహితురాలూ టీ బల్ల దగ్గర ఉన్నారు. ముక్కులు ఎర్రబడ్డాయి, పెదాలు పగిలాయి.

"చచ్చేంత చలి నాన్నా," అంది బుల్లి సంతోషంగా.

"పాదాలు చూపించు," అన్నాడు మేస్త్రి. అక్కడే రాతిమీద కూర్చోబెట్టి, బూట్లు విప్పించి, వేళ్ల మధ్య ఒక్కొక్కటీ చూశాడు. పొడిగా ఉన్నాయి. మడమ దగ్గర చిన్న బొబ్బ ఉంది, అంతే. అన్నయ్య కూడా వంగి చూశాడు, చాలాసేపు. టీలు తాగి, ఆడపిల్లలిద్దరూ సంచులు భుజాన వేసుకుని, రోడ్డు దాటి, అవతలి కాలిబాట పట్టుకుని వెళ్లారు. బస్సు బయల్దేరింది. అందులోకి ఎవరూ ఎక్కలేదు.

టికెట్ గది రోడ్డు పక్కనే ఉంది. కిటికీ వెనక మనిషి ముసలివాడయ్యాడు. అన్నయ్య పొట్లం విప్పి కిటికీ ముందు పెట్టాడు.

"ఇవి మీవండి."

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని చెప్పుల్ని చూశాడు, అన్నయ్యను చూశాడు. "ఎప్పుడిచ్చాను?"

"పన్నెండేళ్లు దాటింది. వానలు ఆగిన మొదటి నెలలో. నా పాదం ఉబ్బితే..."

"ఆ నెలా," అన్నాడు ఆయన, ఇక వివరమేమీ అక్కర్లేనట్టు. "ఆ నెలలో ఎవరి పాదం ఉబ్బలేదు గనక. మొదట్లో కాళ్లవే విడిచి ఇచ్చేవాణ్ణి. తర్వాత తెలివొచ్చి, పాత జతలు పోగుచేసి పెట్టుకోవడం నేర్చుకున్నా. ఇదిగో, ఇప్పుడూ ఉన్నాయి." కాలితో బల్లకింద ఒక గోనెసంచిని కదిపాడు. "ఏటా పాతికమందికి తక్కువ కాదు."

"పాతికమందా?" అన్నాడు అన్నయ్య.

"ఒక్కో ఏడు ముప్పై. బలిసిన కుర్రాళ్లు కూడా ఏడుస్తూ ఎక్కుతారు. అది మనుషులు నడిచే నెల కాదండీ. ఏ మహానుభావుడు చెబుతాడో గాని, వస్తూనే ఉంటారు."

అన్నయ్య తమ్ముడివైపు చూడలేదు. చూడకపోవడం దయేనని మేస్త్రికి అర్థమైంది. అయినా ఇంకోసారి పక్కన నిలబడి వినడం తనవల్ల కాలేదు.

"కొన్నేళ్లపాటు చెప్పింది నేనేనండి," అన్నాడు. "తెలియక చెప్పాను. ఈయన మా అన్నయ్య."

టికెట్టాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చెప్పుల్ని తిప్పి కొత్త అడుగుల్ని బొటనవేలితో నొక్కాడు. "తిరిగి తెచ్చిచ్చింది మాత్రం మీరొక్కరేనండి," అన్నాడు అన్నయ్యతో. గది తలుపు తీసుకుని బయటికి వచ్చి, చెప్పులు గచ్చుమీద పెట్టి కాళ్లు దూర్చాడు. నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు వేశాడు.

"కాస్త బిగుతుగా ఉన్నాయి."

"రెండు రోజులు నడిస్తే సర్దుకుంటాయి," అన్నాడు మేస్త్రి.

ఎదురు బస్సు హారన్ మోగించింది. ఆయన ఆ చెప్పులతోనే లోపలికి వెళ్లి, కిటికీ దగ్గర కూర్చుని, అన్నదమ్ములిద్దరికీ ఊరికి టికెట్లు కోశాడు.